నాయన చూడని సాలు

పొద్దున తెచ్చిన అనపకాయలు ఒలిచి, చేతులు సబ్బు పెట్టి కడుక్కుని, మళ్లీ కడుక్కున్నా వేళ్ల కొసల నుంచి ఆ వాసన పోలేదు. పచ్చిగా, కాస్త జిడ్డుగా, కాస్త చేదుగా ఉండే వాసన. మా వైపు దానికి సొగడు అని పేరు. రాత్రంతా మంచులో తడిసిన కాయకే సొగడు పడుతుందనీ, ఎండెక్కాక కోసిన కాయకు అది ఉండదనీ మా జేజి చెప్పేది. జేజి అంటే మా నాయనను కన్నతల్లి. ఇప్పుడు అనంతపురం మార్కెట్లో అనపకాయలకు కరువేమీ లేదు. ఎక్కడెక్కడి నుంచో లారీల్లో వచ్చి గోనెపట్టా మీద గుట్టలుగా పడి ఉంటాయి. మంచులో తడిసినట్టు కనిపించాలని అమ్మేవాళ్లు ప్లాస్టిక్ మగ్గుతో నీళ్లు చల్లుతుంటారు. చూడ్డానికి నవనవలాడతాయి గానీ ముక్కు దగ్గర పెట్టుకుంటే గడ్డిపరక వాసన కూడా రాదు. ఇవాళ నా చేతికి అంటినవి మాత్రం తనకల్లు వైపు నుంచి బుట్ట ఎత్తుకొచ్చిన ఒక ముసలామె దగ్గర కొన్నవి. వేళ్లు వాసన చూసుకుంటూ వంటింట్లో ఎంతసేపు నిలబడిపోయానో గాని, పొయ్యి మీద పాలు పొంగి గట్టంతా పారాయి.

మా ఊరు బెళుగుప్పకు నడిచిపోయేంత దూరం. అరవైల మొదట్లో, నేను లంగా జాకెట్టు వేసుకుని తిరిగే వయసులో, ఆ ఊళ్లో కూరగాయలు కొనడమన్నది అంగడి పెట్టుకున్నవాళ్లకు, బడిపంతులుకు మాత్రమే చెల్లే విలాసం. సేద్యగాడి ఇంట్లో కూర కొన్నారని తెలిస్తే, పాపం వాళ్లకేం కష్టమొచ్చిందో అని ఊరు జాలిపడేది. నాలుగు చినుకులు పడి చేలల్లో కలుపు మొలిస్తే ఆ కలుపులోనే మాకు కూర దొరికేది. గురుగాకు, చెంచలాకు, దొగ్గలాకు కొంగు నిండా తెచ్చి, మట్టి పోయేదాకా జాడించి, కందిపప్పులో వేసి ఎనిపితే, దాంతో కొర్రన్నం ఎంత తింటున్నామో తెలిసేది కాదు. బావిలో నీళ్లు ఉన్నన్నాళ్లు దాని పక్క మడిలో వంకాయ, మిరప కాసేవి. నీళ్లు అడుగంటితే గోరుచిక్కుళ్లతో గడిపేవాళ్లం. పెరట్లో స్నానాల నీళ్లు తాగి పందిరెక్కిన బీరతీగ ఉండనే ఉంది. ఎండాకాలంలో ఇవేవీ లేనప్పుడు, అమ్మ ముందుచూపుతో ఎండబెట్టి దాచిన వంకాయ ఒరుగులు కుండలోంచి బయటికి వచ్చేవి. ఇక చలికాలమంతా అనపకాయదే రాజ్యం.

ఆ అనపకాయకు వేరే చేను ఉండేది కాదు. తొలకరి ముంగారు వానలకు ఎర్రనేలలో వేరుశెనక్కాయ విత్తేటప్పుడే దాని మధ్యలో అక్కడక్కడా వరసగా ఒక సాలు అనపలు, ఒక సాలు అలసందలు, ఒక సాలు కందులు పడేవి. నాయన ముందు విత్తనాల గొర్రు తోలుతుంటే, అమ్మ దాని వెనక తాడుతో కట్టిన వేరే వెదురు గొట్టాన్ని ఒక చేత్తో పట్టుకుని, ఒడిలోంచి గింజలు తీసి రెండో చేత్తో పోసుకుంటూ నడిచేది. ఎద్దుల అడుగుకు తన అడుగు కలిపి, చీర మోకాళ్ల దాకా ఎగదోపుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా నడిచేది. శెనక్కాయ ఇంటి యజమానిదైతే ఆ సాలు ఇంటి ఇల్లాలిది. దాని కాయ ఎప్పుడు కోయాలో, ఎవరింటికి గిన్నెడు పంపాలో, ఏది విత్తనానికి దాచాలో ఆమె చెప్పిందే చట్టం. విత్తనాల రోజు ఇంట్లో ఓళిగలు, అదే బొబ్బట్లు, చేసేవాళ్లు. ఆ ఓళిగల ఆశతోనే నేను, తమ్ముడు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎండలో గొర్రు వెంట తిరిగేవాళ్లం.

ఆ ఏడు మాత్రం నాయన అడ్డం తిరిగాడు. ఊళ్లో ఒక్కొక్కరే చేను మొత్తం శెనక్కాయ వేసి నాలుగు దుడ్లు కళ్లజూస్తున్న రోజులవి. మా బావి ప్రతి ఎండాకాలం ఎండిపోతోందనీ, దాన్ని ఇంకా లోతు తవ్విస్తే కాలమంతా నీళ్లుంటాయనీ నాయనకు పట్టరాని ఆశ. ఆ బావి గట్టున కూర్చుని లోపలికి చూస్తూ బీడీ కాల్చడం ఆయనకు అలవాటు. ఒక సాయంత్రం అన్నం ముందు కూర్చుని చెప్పేశాడు.

"ఈ తూరి శెనక్కాయ తప్ప ఇంగేమీ వద్దు. సాళ్లూ గీళ్లూ పొయ్యొద్దు."

"ఇంటికి కూర?" అంది అమ్మ.

"దుడ్లొస్తే కూర రాదా?"

ఆయన చెయ్యి కడుక్కుని బయటికి పోయాక అమ్మ జేజి వైపు తిరిగి, "దుడ్లు ఉడకేసుకుని తింటామా?" అంది. జేజి పొగాకు దవడన సర్దుకుని, "ఆ మాట వాని ముందర అనల్ల, నా ముందర గాదు" అంది. మా జేజి న్యాయం ఎప్పుడూ అంతే, ఇద్దరికీ చెరొక మొట్టికాయ.

అమ్మ బాధ కూర కోసం మాత్రమే కాదు. ఆ అనపవిత్తనం ఆమె పుట్టింటి నుంచి కొంగున ముడేసుకుని తెచ్చుకున్నది. వాళ్లమ్మ కూడా అలాగే తన పుట్టింటి నుంచి తెచ్చుకుందట. బూడిదలో కలిపి, చిన్న కుండలో పోసి, మూతికి ఎర్రమట్టి మెత్తి అటక మీద పెట్టేది. ఎంత భద్రంగా దాచినా అనపగింజ రెండో ఏడు దాకా నిలవదు, పురుగు తొలిచేస్తుంది. "ఒక్క ఏడు పొయ్యకపోతే ఇంగ లేదు పాపా, పోయినట్టే" అని, కుండను ఒళ్లో పెట్టుకుని అమ్మ నాతో అన్న మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. నాకు ఏడుపొచ్చింది. నాయన మీద కోపం కూడా వచ్చింది గాని, బావి గట్టున ఆయన కూర్చునే తీరు గుర్తొచ్చి ఆ కోపం ఎక్కువసేపు నిలవలేదు.

విత్తనాల రోజు ఓళిగలు ఉన్నాయి గాని గొర్రుకు గొట్టం లేదు. అమ్మ ఒడిలో శెనక్కాయ గింజలు నింపుకుని గొర్రులో పోస్తూ నడిచింది. పొద్దు వాలే వేళకు గట్టు వారగా చివరి సాళ్లు మిగిలాయి. ఆ గట్టు చేనుకు పల్లపు పక్కన ఉండేది. అక్కడికి వచ్చేసరికి అమ్మ చెయ్యి నడుము దగ్గరి ముడిలోకి పోవడం, పిడికిట్లోని శెనక్కాయ గింజలతో పాటు తెల్లటి కన్ను ఉన్న ఎర్రటి అనపగింజలు రెండు మూడు జారడం నేను చూశాను. అమ్మ నన్ను చూసింది. ఇద్దరం నవ్వలేదు. ముందు ఎద్దులను అదిలిస్తున్న నాయన వెనక్కి తిరగలేదు.

మొలకలు లేచాక కలుపు తీయడానికి వచ్చిన మారెక్క వాటిని కనిపెట్టింది. మారెక్క మా ఇంటికి ఏటా కలుపుకు వచ్చే మనిషి, నోరు పెద్దది. "ఏమ్మా, అనపసెట్లు మొలిసినాయే! పీకేద్దునా?" అని చేనంతా వినిపించేలా అరిచింది. అమ్మ పరుగున పోయి, "దాని జోలికి పోవద్దుక్కా, నీకూ కాయలిస్తా, గమ్మునుండు" అని బతిమాలుకుంది. కాయలు ఇస్తానంది గనక మారెక్క గమ్మునుంది. ఆ తరువాత నాయన గుంటక తోలాడు. గుంటక సాళ్ల మధ్య కలుపు కోసుకుంటూ పోతుందే గాని సాలును తాకదు కదా, అందుకని అమ్మ ధైర్యంగానే ఉంది. మగవాళ్లు చెట్టును చూడరు, చేను చూస్తారు అని ఆమె సిద్ధాంతం.

వాన కూడా మొదట్లో బాగానే మురిపించింది. శెనక్కాయ పసుపుపచ్చగా పూసి, ఊడలు భూమిలోకి దిగాల్సిన సమయానికి వాన మొహం చాటేసింది. మబ్బు రావడం, మురిపించి పోవడం. నేల గట్టిపడి ఊడలు దిగలేదు, కాయ పట్టలేదు. నాయన మాట తగ్గిపోయింది. బావి గట్టుకు పోవడం కూడా మానేశాడు. చివరికి పశువులకు మేతైనా అవుతుందని ఎండిన చెట్లను పీకించేటప్పుడు, "గట్టు వార నేను పీకుతాలే" అని అమ్మ తొందరపడి ముందుకొచ్చింది. "నీ ఇష్టం" అన్నాడు నాయన. ఆ పక్కకు ఆయన రాలేదు.

అనపచెట్టు గుణం వేరు. చలి తగిలి పగళ్లు కురచ అయ్యేదాకా అది పూత ముఖం చూడదు. తక్కిన చేనంతా బోడిగా పడి ఉన్నప్పుడు గట్టు వారగా అవి వాన లేకపోయినా మంచుతోనే పచ్చగా పాకి, ఊదారంగు పూలు తొడిగాయి. నేనూ అమ్మా పేడకళ్లు ఏరే నెపంతో పోయి చూసి వచ్చేవాళ్లం. కందికాయంత పిందెలు పడ్డ రోజు అమ్మ నా బుగ్గ గిల్లింది.

సరిగ్గా అప్పుడే ఒక సాయంత్రం గొర్రెల కదిరప్ప మా వాకిట్లోకి వచ్చాడు. "ఏమన్నా, రేపు మీ చేన్లో మంద నిలపల్లా?" అని అడిగాడు. గొర్రెల మంద చేన్లో ఉంటే ఎరువు దక్కుతుందని అందరూ పిలిచేవాళ్లే. "తోలుకో రాప్పా. కాయా లేదు గింజా లేదు, ఎరువన్నా మిగల్నీ" అన్నాడు నాయన. లోపల రొట్టె తడుతున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది. జొన్నరొట్టె పెనం మీదే మాడింది. ఆ పూట అమ్మ అన్నం తినలేదు. చెబితే మాట కాదన్నదని కోపం, చెప్పకపోతే తెల్లారేసరికి గొర్రెల పాలు. చెబుదామని రెండుసార్లు వాకిట్లోకి పోయి, చెంబుతో నీళ్లిచ్చి వచ్చింది.

తెలతెలవారుతుండగా నా చెయ్యి పట్టుకుని చేను దారి పట్టింది. మందకు అడ్డం నిలబడి కదిరప్ప కాళ్లైనా పట్టుకుంటానని దారిపొడుగునా గొణుక్కుంటూనే ఉంది. మంచు పడుతోంది, నా లంగా అంచు తడిసి కాళ్లకు చుట్టుకుంటోంది. పోయి చూస్తే మంద ఇంకా రాలేదు. గట్టు వారగా ఒక మనిషి వంగి ఏదో చేస్తున్నాడు. దగ్గరికి పోతే నాయన. రేగుకంప, తుమ్మకంప కొట్టి తెచ్చి, అనపచెట్ల చుట్టూ చిక్కగా అడ్డం వేస్తున్నాడు. మోచేతుల మీద ముళ్లు గీరుకుని రక్తం చారలు కట్టి ఉంది.

"ఏమే, పొద్దున్నే పరిగెత్తుకొస్తాండావు?" అన్నాడు తల ఎత్తకుండా. "గుంటక తోలేటోనికి సాలు కనపడదనుకున్న్యావా?"

అమ్మ కంప ఇవతలే ఆగింది. "తెలిసినప్పుడే ఒక మాట అనగూడదా?" అంది.

"చూసినానంటే పీకేయల్ల, వద్దని చెప్పినోన్ని నేనే గదా. అందుకే చూళ్లేదు."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందనుకున్నాను, ఏడుస్తోంది. తరువాత ఆమె కూడా వంగి కంప సర్దింది. కంచే చేను మేసిందని సామెత చెప్పుకుంటారు గాని, చేను మేపడానికి మందను పిలిచిన మనిషే కంచె వేయడం మా ఇంట్లోనే చూశాను. ఎండెక్కాక మంద వచ్చి, బోడి చేనంతా తిరిగి, కంప దగ్గరికి వచ్చి మూతులు పెట్టి, కదిరప్ప అదిలిస్తే వెనక్కి పోయింది.

ఆ చలికాలం మమ్మల్ని సాకింది ఆ గట్టు వారే. మొదటి కాపులో బాగా పండిన కాయలను అమ్మ విత్తనానికి తీసి పెట్టాకే మాకు ముట్టనిచ్చింది. ఆ తరువాత ఉప్పేసి ఉడకబెట్టిన కాయలు, అనపగింజల పులుసు, రాగిముద్దలోకి అనపగింజల చారు. మారెక్కకు గిన్నెడు, మందను కంపకు ఎడంగా తిప్పినందుకు కదిరప్పకు గిన్నెడు పంపింది. అన్నిటికన్నా గొప్పది పితికిపప్పు. నానబెట్టిన గింజను బొటనవేలితో ఒత్తితే తోలు చేతిలో మిగిలి, పప్పు ఎగిరి పడుతుంది. నేనూ తమ్ముడూ ఒకరి కళ్లకు ఒకరం గురిచూసి పితికేవాళ్లం. ఆ ఏడు నాయన కూడా మాతో కూర్చుని పితికాడు. ఆయన మోటు వేళ్ల కింద పప్పులన్నీ చితికిపోతుంటే, "లేసిపోరా నాయనా, నీ చేతికి బావులే సరి" అంది జేజి. ఎండుకొబ్బరి, ధనియాలు నూరి వేసిన ఆ కూరతో జొన్నరొట్టె తిని నాయన, "ఉప్పు తగ్గింది" అన్నాడు. మరుసటేడు విత్తనాల రోజు గొర్రుకు వెదురు గొట్టం ఆయనే కట్టాడు.

బావి మాత్రం లోతు కాలేదు. నాయన బతికున్నన్నాళ్లూ ఆ ఆశ ఆయనను వదల్లేదు, తీరనూ లేదు. అమ్మ సాలు నిలిచినందుకు నాకు ఎంత సంతోషమో, ఆయన బావి ఆశ తీరనందుకు అంత బాధ. నాయన పోయిన కొన్నేళ్లకు అమ్మ మంచం పట్టింది. ఆ ఏడు అటక మీది కుండను ఎవరూ దించలేదు. తరువాత దించి చూస్తే బూడిదలో పొట్టు మిగిలి ఉంది.

ఇప్పుడు ఆ చేను మా తమ్ముడి కొడుకు చేస్తున్నాడు. ఈ ముసలామె కాయల్లో ముదురువి గుప్పెడు ఏరి, ఎండబెడదామని పక్కన పెట్టి, వాడికి ఫోన్ చేశాను. వచ్చే ముంగారుకు ఒక్క సాలు అనపలు పొయ్యరా నాయనా అని అడిగాను.

"ట్రాక్టరుకు గొట్టం యాడ కట్టల్లత్తా?" అని నవ్వాడు వాడు.

"గట్టు వారన నేనే వచ్చి చేత్తో పోస్తా."

"పోసినా నిలవదత్తా, కలుపు చచ్చేదానికి గడ్డిమందు కొడతాండాము. దానికి నీ సాలు, నా సాలు తెలీదు."

వాడు చెప్పింది నిజమే. చూసీ చూడనట్టు పోవడం మా నాయనకు వచ్చుగాని, మందుకు ఎలా వస్తుంది?