కొంగు మీది తడి

కంబదూరు మీదుగా పోయే బస్సులో, నా పక్క సీటు బాలింత ఒళ్లో పాప గుక్కపట్టి ఏడుస్తోంది.

"ఆకలేమో, పాలియ్యమ్మా" అన్నాను.

"ఇప్పుడియ్యకూడదక్కా. పాలు పడతాయని మా అత్త కల్లు తాపించింది. తాగితే రెండు మూడు గంటలు పాలియ్యద్దని నర్సమ్మ చెప్పిండాది. నాకు కండ్లు మూతలు పడతాండాయి. రవ్వంత సేపు ఎత్తుకోక్కా" అంటూ పాపను నా ఒళ్లో పెట్టింది.

పిల్లల్లేని నా చేతికి మా వీధిలో ఎవరూ పసిబిడ్డనివ్వరు. ఆ సంగతి ఆమెకు తెలియదు. నేనూ చెప్పలేదు. పాప నా రవికె మీద నోటితో వెతికి వెతికి, చివరికి కొంగు చప్పరిస్తూ నిద్రపోయింది.

కంబదూరులో ఆమె పాపను తీసుకుని దిగిపోయింది. బస్సు కదలగానే వడగాలి కొట్టింది. కొంగు మీది తడి ఆరిపోతుందని కిటికీ మూశాను.