బియ్యం మాత్రం తీసుకున్నాం

యుద్ధం ముగిసిన ఏడు మాచర్ల దగ్గరి ఒక పల్లెలో నేను బడి పంతుల్ని, ఆదివారాల్లో ప్రసంగీకుణ్ణి. విశ్వాసాన్ని నేటి సమస్యలకు అన్వయించాలని పట్నంలో ఏదో సభలో విని వచ్చి, ఆ పని వెంటనే మొదలుపెట్టాను. సమస్య దగ్గర్లోనే దొరికింది. బజారులో కాఫీ హోటలువాడు మాకు గ్లాసులు వేరుగా, బయట చూరుకింద పెట్టేవాడు. వాడి మీద వరుసగా ప్రసంగించాను. "క్రీస్తులో అందరూ ఒక్కటే" అని బల్ల గుద్దితే ముందు వరుసల్లోని మా మాలపల్లె పెద్దలు ఆమెన్ అనేవారు. మాదిగపల్లె విశ్వాసులు వెనక వరుసల్లోంచి అనేవారు. ఆ వరుసలు ఎవరు ఏర్పరిచారని నేనెన్నడూ అడగలేదు.

కోత పండుగ ప్రేమవిందుకు ముందు, వెనక వరుసలో కూర్చునే ఒక పెద్దమ్మ వచ్చింది. ఆమె కొడుకు బర్మా యుద్ధం నుంచి ప్రాణాలతో తిరిగొచ్చాడు.

"మొక్కుకున్నానయ్యా. ఈసారి విందుకు అన్నం నేనే వండి అందరికీ పెడతా."

సంతోషమన్నాను. సాయంత్రానికి మా పెద్దలు నా అరుగెక్కారు.

"ఏందయ్యా పంతులూ, ఆ చేతి అన్నం మా ఆడోళ్లు ముట్టరు. విందు ఆగిపోద్ది, ఇక నీ ఇష్టం."

దేవుణ్ణి అడిగే పని లేకుండానే నాకు జవాబు తట్టింది. మర్నాడు ఆమెతో చెప్పాను.

"బియ్యం ఇవ్వు పెద్దమ్మా, మావాళ్లు వండుతారు. కానుక కానుకే గదా."

"బియ్యానికి అంటంది అన్నానికి ఎట్టా అంటిద్దయ్యా? రెంటికీ చెయ్యి ఇదే గదా."

"ఇంకా కాలం రాలేదమ్మా."

"ఆ హోటలోడు కూడా అదే అన్నాడని మొన్న మీరే చెప్పారు."

ఏడాది పొడుగునా జొన్నన్నం తినే మనిషి, ఆ రేషన్ రోజుల్లో ఎట్లా కూడబెట్టిందో, బియ్యం తెచ్చి ఇచ్చింది. తీసుకున్నాం.

పండుగనాడు ప్రసంగం కాగానే ఆమె నా దగ్గరకొచ్చింది.

"సంఘానికి వద్దులే. ఇంటికాడ కాస్త అన్నం, గోంగూర వండా. మీరొక్కరు వచ్చి తిన్నా నా మొక్కు తీరిద్ది."

పెద్దలు చూస్తున్నారు.

"ఇవాళ ఉపవాసమమ్మా," అన్నాను.

అన్నాక విందులోనూ తినలేకపోయాను. అందరూ పొట్టేలు కూర వడ్డించుకుంటుంటే చేతులు కట్టుకుని కూర్చున్నాను. పండుగపూట కూడా ఉపవాసమున్నానని పెద్దలు మెచ్చుకుని, పై ఆదివారం సాక్ష్యం చెప్పమన్నారు. ఉపవాసం వల్ల ఆత్మకు కలిగే మేలు గురించి చాలాసేపు చెప్పాను. ఆమె మొక్కు నా వల్లే తీరకుండా పోయిందని చెప్పడానికి మాత్రం అందులో చోటు దొరకలేదు.