ఫోను దాకా అత్తయ్య నడక

ఆ ఆసుపత్రిలో మెట్ల కింద కిటికీ లేని గది ఒకటుంది. పంతొమ్మిదేళ్ళుగా అందులో ఒక గొంతు కాపురముంటోంది. గొంతు అనే అనాలి. ఊళ్ళోవాళ్ళకి ఆవిడ మొహం తెలియదు. కూరల దుకాణంలో "అరకిలో టమాటాలు ఇవ్వండి" అంటే మాత్రం పక్కనున్నవాళ్ళు చటుక్కున తిరిగి చూస్తారు, ఎప్పుడో కష్టంలో ఉన్నప్పుడు విన్న గొంతు కదా ఇది అని.

అందరూ ఆవిణ్ణి ఆపరేటరమ్మ అంటారు. ఆసుపత్రికి వచ్చే ప్రతి ఫోనూ ముందు ఆవిడ చెవిన పడాలి, ఆ తర్వాతే వార్డుకి చేరాలి. నూట ఇరవై నంబర్లు కంఠతా వచ్చు. పిల్లల వార్డు నర్సు పదిన్నరకి మందుల గదిలో ఉంటుందనీ, ఎముకల డాక్టరు ఫోనెత్తి మూడుసార్లు దగ్గితే గానీ మాట్లాడడనీ తెలుసు. ఆవిడకున్న నియమం ఒక్కటే, తగిలించిన లైను తనంతట తాను తెంపదు. ఒకసారి ఎక్కడో దూరాన్నుంచి ఒకాయన ఫోను చేశాడు. భార్యకి కాన్పు. పురుళ్ళ వార్డులో ఎవరూ ఎత్తలేదు. పదకొండు నిమిషాలు. అర నిమిషానికోసారి ఆవిడ "నేనున్నానండీ, మోగుతోంది" అంటూనే ఉంది. చివరికి నర్సు రొప్పుతూ వచ్చి "ఆడపిల్ల, ఇద్దరూ క్షేమం" అంది. అవతల ఆయన ఏమీ మాట్లాడలేదు. ఆ మౌనాన్ని కూడా ఆవిడ తెంపలేదు.

అలాంటి గదికి ఒకరోజు కాగితం వచ్చింది. రెండేళ్ళలో ఈ ఫోన్లు కలిపే బోర్డు తీసేస్తారు. ఫోన్ల సంగతి కంప్యూటరే చూసుకుంటుంది. ఆపరేటరమ్మని బట్టలుతికే విభాగంలో టోకెన్లిచ్చే పనికి మారుస్తారు. అయితే ఒక వెసులుబాటు ఉంది. ఈలోగా కాలేజీలో అప్లైడ్ కంప్యూటింగ్ కోర్సు పూర్తిచేస్తే ఆసుపత్రి కంప్యూటర్ విభాగంలో ట్రైనీగా తీసుకుంటారు.

ఆవిడ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఇంటికి తెచ్చి, పంచదార డబ్బా కింద దాచింది. ఆ ఇంట్లో అత్తగారి కన్ను పడని చోటంటూ లేదు.

"ఏమిటే ఇది?"

"ఏం లేదు అత్తయ్యా, ఆఫీసు కాగితం."

"ఏం లేని కాగితాన్ని డబ్బా కింద ఎవరు పెడతారు? చదువు."

చదివింది. అత్తయ్య స్వెటర్ల మిల్లులో ముప్ఫయ్యేళ్ళు నిలబడి పనిచేసిన మనిషి. మోకాళ్ళు అరిగాయి గానీ నోరు అరగలేదు.

"చేరు," అంది.

"నలభై దాటాయి అత్తయ్యా నాకు."

"అయితే? దాన్ని నేర్చుకోమన్నారా, నెత్తిన మోయమన్నారా?"

"మరి మీ అబ్బాయి ఏమంటారో..."

"లారీ దిగి వాడు ఇంట్లో ఉండేది నెలకి నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులూ నిద్రే. నిద్రపోయేవాడు ఏమంటాడే? గురక పెడతాడు."

అలా చేరింది. పొద్దున్న బోర్డు, మధ్యాహ్నం కాలేజీ. మొదటిరోజు హాజరు పిలుస్తున్నప్పుడు తన నంబరు రాగానే, అలవాటు కొద్దీ, "నమస్కారం, ఎవరు కావాలండీ?" అనేసింది. క్లాసు క్లాసంతా గొల్లుమంది. ఆ క్షణం నుంచి ఆవిడ హలో ఆంటీ.

ల్యాబులో పక్క కుర్చీ ఒక కళ్ళజోడు పిల్లది. వేళ్ళు కీబోర్డు మీద వాన చినుకుల్లా పడేవి. "ఆంటీ, మళ్ళీ సెమీకోలన్ మర్చిపోయారు," అనేది. "చీమ తలకాయంత లేదు, అది లేకపోతే ఇంత పెట్టే అలిగి కూర్చుంటుందా?" అని ఆంటీ విస్తుపోయేది. కానీ ఒక మాట మాత్రం మొదటిరోజే నచ్చేసింది. లూప్. అడగడం, ఎదురుచూడటం, మళ్ళీ మొదటికొచ్చి అడగడం. ఇన్నేళ్ళూ తను చేసింది అదే. దానికొక పేరుందని మాత్రం తెలియదు.

చివరి టర్ములో ప్రాజెక్టు. సొంతంగా ఏదైనా ప్రోగ్రాము రాసి, బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్ ముందు నడిపి చూపించాలి. అది నెగ్గితేనే కోర్సు, కోర్సు ఉంటేనే కంప్యూటర్ విభాగం, లేకపోతే టోకెన్లు. ఆవిడ ఆలోచించుకోవాల్సిన పనే లేకపోయింది. ఆసుపత్రికి ఫోను వస్తే ఏ వార్డు కావాలో అడిగి, ఆ వార్డులో గంట మోగించి, కలిపే ప్రోగ్రాము రాసింది. తన తర్వాత ఆ గదిలో కూర్చోబోయేదాన్ని తన చేతులతోనే తయారుచేస్తున్నట్టు ఉండేది. కొత్తగా వచ్చే పిల్లకి తాళాలు అప్పగించే ముందు ఏ తలుపు బిగుసుకుంటుందో చెప్పినట్టు.

పరీక్ష రెండు వారాలుందనగా ల్యాబ్ మేడం అందరి ప్రాజెక్టులూ ఒకసారి చూసింది. ఆపరేటరమ్మ కంప్యూటర్లో పురుళ్ళ వార్డు నొక్కింది. గంట మోగసాగింది. మేడం చేతులు కట్టుకుని నిలబడింది. నిమిషం. రెండు నిమిషాలు.

"ఇది ఎప్పుడు ఆగుతుంది?"

"ఎవరైనా ఎత్తినప్పుడు మేడం."

"ఎవరూ ఎత్తకపోతే?"

"ఎత్తుతారు మేడం."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. మేడం నవ్వలేదు. "ఎత్తకపోతే ఇది ఇలా మోగుతూనే ఉంటుంది. ఈలోపు ఫోను చేసిన నలభై మంది దీని వెనకాల చిక్కుకుపోతారు. ఎంతసేపు చూడాలో దీనికి మీరు చెప్పాలి. ఇలాగే తీసుకొస్తే ఎగ్జామినర్ పాస్ చెయ్యడు."

"ఇరవై సెకన్లు పెట్టేయండి ఆంటీ, అందరూ అంతే పెడతారు," అంది కళ్ళజోడు పిల్ల.

పెట్టింది. నడిపింది. గంట నాలుగుసార్లు మోగి ఠక్కున ఆగిపోయింది. తెర మీద 'ఎవరూ లేరు' అని వచ్చింది. ఉన్నారు. వస్తూ ఉంటారు. చేతిలో పళ్ళెం దింపి, చేతులు తుడుచుకుని వస్తూ ఉంటారు. ఇరవై చెరిపేసింది. ఆ ఖాళీలో పెట్టడానికి మరో అంకె దొరకలేదు. వారం గడిచింది. కర్సరు ఆ చోట మిణుకుమిణుకుమంటూనే ఉంది.

ఆదివారం సాయంత్రం ఇంట్లో ఫోను మోగింది. అత్తయ్యకి సెల్లు పడదు, "సబ్బుముక్కలా జారిపోతుంది" అంటుంది. అందుకని హాల్లో గోడకి పాత ఫోను అలాగే ఉంది. అది వారానికోసారి లారీ నుంచి కొడుకు చేసే ఫోను. ఆపరేటరమ్మ దానికి రెండడుగుల దూరంలో బట్టలు మడతపెడుతోంది.

"నువ్వెత్తకు! అది నాది!" అని బాల్కనీలోంచి కేక.

అత్తయ్య లేచింది. ముందు కర్ర. తర్వాత తలుపు చట్రం మీద చెయ్యి. అక్కడ కాస్త ఆగడం. మంచం అంచు, అల్మారా మూల, ఒక నిట్టూర్పు, "వస్తున్నా, వస్తున్నా" అని ఫోనుకి ఒక కసురు. గోడ పట్టుకుని చివరి నాలుగడుగులు. ఎన్నో ఏళ్ళుగా చూస్తున్న నడకే. ఆ సాయంత్రం కోడలు మొదటిసారి దానికి సెకన్లు లెక్కపెట్టింది. యాభై మూడు.

తల్లీకొడుకుల మాటలు అయ్యాక అడిగింది. "అత్తయ్యా, మీరొచ్చేలోగా ఆయన ఎప్పుడైనా ఫోను పెట్టేశారా?"

"పెట్టేస్తే వాడి చెవి మెలిపెట్టనూ?"

"ఇంకోసారి నడవరూ? బాల్కనీ నుంచి?"

"నేనేమన్నా పందెం గుర్రాన్నా?"

"నా పరీక్ష అత్తయ్యా."

పరీక్ష అనగానే అత్తయ్య కర్ర అందుకుంది. వెళ్ళి కూర్చుని, "ఊ, మోగించు" అంది. కోడలు నోటితో గంట మోగించింది. ఆ సాయంత్రం ఆ ముసలావిడ మూడుసార్లు ఫోను దాకా నడిచింది. యాభై ఒకటి. యాభై మూడు. యాభై ఎనిమిది.

"ఈసారి ఎక్కువైంది," అంది కోడలు.

"చెప్పు ఊడింది. అది లెక్కలోకి రాదు," అంది అత్తయ్య, కుర్చీలో కూలబడి ఆయాసపడుతూ, గెలిచినట్టు.

మర్నాడు ఆ ఖాళీలో యాభై మూడు పడింది. యాభై మూడయ్యాక కూడా లైను తెగదు, వార్డులోనే పక్క బల్ల మీద గంట మోగుతుంది, ఆ తర్వాత ఇంకో బల్ల మీద. తెంపడం కాదు, అప్పగించడం. వెనక ఉన్నవాళ్ళని వేరే దారిలోంచి పంపే భాగం కళ్ళజోడు పిల్ల పక్కన కూర్చుని నేర్పించింది, ఈవిడ మూడు రోజులు కుస్తీపట్టి తనే రాసింది.

ఎగ్జామినర్ పొట్టిగా, బట్టతలతో, పెన్ను మూత కొరికే మనిషి. పురుళ్ళ వార్డే నొక్కాడు. "ఎవరూ ఎత్తకండి," అన్నాడు. గంట మోగింది. పదో సెకనుకి స్పీకర్లోంచి ఆపరేటరమ్మ గొంతు వచ్చింది. "లైన్లోనే ఉండండి. మోగుతోంది." ఆయన తలెత్తి తెరనీ, ఆవిణ్ణీ మార్చి మార్చి చూశాడు. యాభై మూడయ్యాక గంట పక్క బల్లకి మారింది.

"ఇరవై చాలుగా. యాభై మూడెందుకు?"

ఆవిడకి అబద్ధం ఒక్కటీ గుర్తుకు రాలేదు. "మా అత్తగారు బాల్కనీలోంచి ఫోను దాకా రావడానికి అంత పడుతుందండీ. నాలుగుసార్లు కొలిచాను."

కళ్ళజోడు పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆయన నవ్వలేదు. పెన్ను మూత నోట్లోంచి తీశాడు.

"నాలుగింట్లో అన్నిటికంటే ఎక్కువ పట్టింది ఎంత?"

"యాభై ఎనిమిదండీ. ఆసారి చెప్పు ఊడింది."

"చెప్పు ఊడటం లోకంలో జరగని పనా అమ్మా? ఆ రోజు ఆవిడ ఫోను దగ్గరికి వచ్చేసరికి మీ గంట పక్క బల్లకి వెళ్ళిపోయి ఉండేది."

నిజమే. ఇన్నేళ్ళలో లైను తెంపని మనిషి, దారిలో ఉన్నావిడని అయిదు సెకన్ల కోసం తనే వదిలేసింది.

"మార్చండి," అన్నాడాయన. "ఇప్పుడే. నేనున్నాను."

అరవై కొట్టింది. సెమీకోలన్ మర్చిపోలేదు. ఆయన మళ్ళీ పురుళ్ళ వార్డు నొక్కి, ఆ అరవై సెకన్లూ కదలకుండా నిలబడి విన్నాడు. తర్వాత కాగితం మీద ఏదో రాసుకుని పక్క బల్లకి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం నోటీసు బోర్డు మీద జాబితా అంటించారు. ఆవిడ నంబరు కింద నుంచి మూడోది. వేలు పెట్టి రెండుసార్లు చూసుకుంది. తర్వాత వరండా చివర మెట్టు మీద కూర్చుని ఇంటికి ఫోను చేసింది. బాల్కనీ, తలుపు చట్రం, మంచం అంచు, అల్మారా మూల. ఆ దారంతా కళ్ళముందు పరుచుకుంది. అరవై సెకన్లూ ఆగడానికి గోడకి చేరగిలబడి, కళ్ళు మూసుకుని, లెక్క మొదలుపెట్టింది.

ఒకటి అనేలోపే అవతల ఎత్తారు.

"ఏమైందే?"

"అత్తయ్యా! అప్పుడే ఎలా..."

"పొద్దుట్నించీ కుర్చీ ఇక్కడే వేసుక్కూచున్నా. పాసేనా?"

అందరికీ తెలిసిన ఆ గొంతు, ఊరికి ఇన్నేళ్ళూ జవాబు చెప్పిన గొంతు, చిన్నగా "ఊ" అని, అక్కడే ఆగిపోయింది.

అత్తయ్య ఫోను పెట్టెయ్యలేదు. కర్ర నేలకి ఆనించిన చప్పుడు వినిపించింది.

"ఏడువు, ఏడువు," అంది చివరికి. "తొందరేం లేదు. నేను లైన్లోనే ఉన్నా."