డెమో మెషీన్‌లో మెనూ మాయమైన వారం

2001 వర్షాకాలంలో అమీర్‌పేటలోని ఒక కంప్యూటర్ శిక్షణ సంస్థలో ఉద్యోగానికి చేరాను. నియామక పత్రంలో నా హోదా ‘సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్’. చేరిన తర్వాత ఆ మాట మళ్లీ ఎవరి నోటా వినలేదు. అందరికీ నేను ‘ల్యాబ్ మేడమ్’నే. అమీర్‌పేట సంస్థల్లో హోదాల లెక్క సులువు. పాఠం చెప్పేవారు ఫ్యాకల్టీ. వారికి కుర్చీ, టేబులు, రంగుల కరపత్రంలో పేరు, ఫొటో ఉంటాయి. వారు పాఠం చెప్పే కంప్యూటర్లు నడిచేలా చూసే మనిషికి ప్లాస్టిక్ స్టూలు ఉంటుంది.

ఆ స్టూలుకు వీపు ఆనించే వీలు లేదు. ఎర్రమంజిల్ క్వార్టర్స్ నుంచి పొద్దున్నే నడిచి వచ్చి, డైరెక్టర్ ప్రసాదరావు గారికి నమస్కారం పెట్టి, ల్యాబ్‌లో కుర్చీ లేదని రోజూ గుర్తుచేసేదాన్ని. ఆయన తెనాలి మనిషి, మర్యాదస్తుడు. “చూద్దామమ్మా విజయలక్ష్మి గారూ” అనేవారు. చూశారు కూడా. ఆ స్టూలును ఆయన చాలాసార్లు చూశారు.

మా ల్యాబ్‌లో అన్నింటికన్నా మంచి కంప్యూటర్‌ను ‘డెమో మెషీన్’ అనేవాళ్లం. కొత్త కోర్సు మొదలయ్యే ముందు ఆదివారం ఉచితంగా ఒక క్లాసు చెప్పి, నచ్చితే ఫీజు కట్టించుకోవడం అమీర్‌పేట పద్ధతి. ఆ క్లాసును డెమో అంటారు. డెమోకి ఈ మెషీనే ఉండాలి. మిగతా రోజుల్లో పొద్దున విండోస్ మీద జావా బ్యాచ్, సాయంత్రం లినక్స్ బ్యాచ్ దీన్ని వాడుకునేవి. ఒకే హార్డ్‌డిస్కును భాగాలు చేసి, ఒకవైపు విండోస్, మరోవైపు అలాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ పెట్టాం. స్విచ్ వేయగానే నల్లటి తెర మీద ఏది కావాలో అడుగుతుంది. అదే బూట్ మెనూ. లినక్స్ పిల్లలందరూ మిగతా కంప్యూటర్ల నుంచి ఈ మెషీన్‌లోకే లాగిన్ అయి పనిచేసేవారు. వారి ప్రాజెక్టులన్నీ ఇందులోనే. బ్యాకప్ కోసం సీడీ రైటర్ కావాలని అడిగాను. అది కుర్చీ తర్వాత వరుసలో ఉండిపోయింది.

లినక్స్ చెప్పే నరసింహ బోరబండలో ఉండేవాడు. వయసులో నాకంటే చిన్నవాడు, మంచి పాఠం చెప్పేవాడు. ఒక రోజు నేను ప్రింటర్ సరిచేయడానికి వెళ్తే, నిండు క్లాసులో, “మన మేడం విండోస్ మేడం. లినక్స్ అంటే జర భయం” అన్నాడు. పిల్లలు నవ్వారు. నేను ఎలక్ట్రానిక్స్‌లో డిగ్రీ చేసినదాన్ని. ఆ లినక్స్‌ను డెమో మెషీన్‌లో ఎక్కించింది నేనే. ఆ సంగతి క్లాసుకు చెప్పకుండా ప్రింటర్ బాగుచేసి బయటికి వచ్చాను. ఆయన ఆ మాట ఆ సాయంత్రమే మరిచిపోయి ఉంటాడు. నేను మరిచిపోలేదు.

నేను చేరి రెండేళ్లు దాటాక, శ్రావణంలో ఒక ఆదివారం జావా డెమో అయింది. సోమవారం పొద్దున నరసింహకు కామెర్లని, పంజాగుట్టలో ఆసుపత్రిలో చేర్చారని కబురు వచ్చింది. ఆ సాయంత్రం లినక్స్ పిల్లలు డెమో మెషీన్ స్విచ్ వేస్తే మెనూ రాలేదు. నేరుగా విండోస్ వచ్చింది. స్విచ్ ఆపి మళ్లీ వేశారు. మళ్లీ విండోసే.

హార్డ్‌వేర్ పాఠాలు చెప్పే శ్రీను వచ్చి చూసి, లినక్స్ పోయిందని తేల్చేశాడు. డైరెక్టర్ గారు రెండు నిమిషాలు బాధపడ్డారు. తర్వాత ఆయన ముఖంలో ఒక ఆలోచన మెరిసింది. ఆదివారం డెమో బాగా పండింది. గురువారం నుంచి కొత్త జావా బ్యాచ్. హార్డ్‌డిస్కులో సగం జాగా ఊరికే ఉంది.

“ఎలాగూ పోయింది కదమ్మా. మొత్తం ఫార్మాట్ చేసి విండోస్ ఒక్కటే వేసేయండి. లినక్స్ పిల్లల్ని జావాలో సర్దుదాం” అన్నారు.

ఆ మాటకు అర్థం నాకు తెలుసు. మా సంస్థలో ఫ్యాకల్టీ జీతం బ్యాచ్‌ను బట్టే. నరసింహకు ఉన్నది ఆ ఒక్క బ్యాచ్. ఫార్మాట్ చేస్తే పిల్లల ప్రాజెక్టులు పోతాయి, ఆయన రెండేళ్లుగా తయారుచేసుకున్న అభ్యాసాలు పోతాయి, ఆసుపత్రి నుంచి వచ్చేసరికి ఆయన ఉద్యోగమూ ఉండదు.

“మెనూ కనపడకపోతే లినక్స్ పోయినట్టు కాదు సార్. నాకు బుధవారం దాకా టైమివ్వండి” అన్నాను.

“ఆయన మిమ్మల్ని ఏదో అన్నాడని మొన్నటిదాకా నాతో చెప్పేవారుగా?”

“ఇప్పుడూ చెబుతున్నాను సార్. అది వేరు, ఇది వేరు.”

ఈ వృత్తి తెలియని వారికోసం ఒక మాట. హార్డ్‌డిస్కు మొదట్లో ఒక చిన్న గది లాంటి చోటు ఉంటుంది. మెనూ చూపించే ప్రోగ్రాము తొలి ముక్క అక్కడ కూర్చుంటుంది. విండోస్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే, అది ఆ గదిలోకి తన ప్రోగ్రామును తెచ్చి పెట్టుకుంటుంది. లోపల లినక్స్ క్షేమంగానే ఉంటుంది, కాని దాని దాకా తీసుకువెళ్లే దారి ఉండదు. మెనూ మాయమైన కేసుల్లో ఎక్కువ భాగం ఇదే. అందుకే నేను శ్రీనును నిలదీశాను.

“అమ్మతోడు మేడమ్, నేను విండోస్ సీడీ పెట్టలేదు” అన్నాడు.

“నా మెషీన్ ఫార్మాట్ చేసినప్పుడు కూడా ఇదే అన్నావు.”

“అది పోయినేడాది సంగతి మేడమ్.”

“సంగతి ఎప్పటిదైనా సంగతే కదా.”

మంగళవారం జావా బ్యాచ్ వెళ్లాక పని మొదలుపెట్టాను. లినక్స్ ఎక్కించినప్పుడు అది ఒక బూట్ ఫ్లాపీ తయారుచేసి ఇస్తుంది. మెనూ చెడిపోయినా ఆ ఫ్లాపీతో లోపలికి వెళ్లవచ్చు. దాన్ని నా బీరువాలోనే దాచాను. తీసుకొచ్చి పెడితే డ్రైవ్ కాసేపు గరగరలాడి, చదవలేనంది. మా రోడ్డు దుమ్ముకు ఫ్లాపీలు ఎక్కువ కాలం బతికేవి కావు. దాన్ని బయటికి లాగి, విసుగ్గా కంప్యూటర్ ముందున్న రీసెట్ బటన్ నొక్కాను.

తెర మీద పై మూలలో నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు కనిపించాయి. ఎల్, ఐ, ఎల్, ఓ. వెంటనే విండోస్ వచ్చేసింది.

‘లిలో’ అన్నది లినక్స్ వాళ్ల మెనూ ప్రోగ్రాము పేరు. అది ఒక్కో మెట్టు దాటుతూ తన పేరులో ఒక్కో అక్షరం రాస్తుంది. నాలుగూ రాసిందంటే అది ఆ మొదటి గదిలో ఆరోగ్యంగా ఉన్నట్టే. విండోస్ వచ్చి దాన్ని గెంటేయలేదు. అది తన చోట తానుండి, ఎవరినీ ఏమీ అడగకుండా విండోస్‌ను లేపుతోంది.

మరి సోమవారం నుంచి ఇంతమంది చూస్తే ఆ అక్షరాలు ఎవరికీ ఎందుకు కనపడలేదు? దానికి కారణం మా కరెంటు బిల్లు. ప్రతి బ్యాచ్ అవగానే గోడ మీది మెయిన్ స్విచ్ కట్టేయాలని డైరెక్టర్ గారి నియమం. మానిటర్‌కు కరెంటు కంప్యూటర్ వెనక నుంచే వెళ్తుంది. స్విచ్ వేస్తే రెండూ కలిసి మేలుకుంటాయి. ఆ కాలపు పెద్ద గాజు మానిటర్లు వేడెక్కి బొమ్మ చూపేసరికి కొంత సమయం పట్టేది. ఈలోపు అక్షరాలు చీకట్లో వచ్చి చీకట్లోనే వెళ్లిపోయేవి. మెనూ ఉన్న రోజుల్లో అది మన జవాబు కోసం ఆగేది కాబట్టి ఇబ్బంది లేదు. ఇప్పుడు ఆగడం లేదు. నేను రీసెట్ నొక్కేసరికి తెర అప్పటికే వేడెక్కి ఉంది. అందుకే కనిపించింది.

మళ్లీ రీసెట్ నొక్కి, షిఫ్ట్ కీ పట్టుకుని కూర్చున్నాను. అలా పట్టుకుంటే, అడగవద్దని చెప్పి ఉంచినా లిలో ఆగి అడుగుతుంది. ఆగింది. లినక్స్ అని టైపు చేశాను. లినక్స్ లేచి, పేరు, పాస్‌వర్డ్ అడిగింది.

శ్రీను నా వెనకే నిలబడి చూస్తున్నాడు. “చెప్పానా మేడమ్” అన్నాడు. ఈసారి నిజమే చెప్పావన్నాను. అంతకుమించి అనలేదు. పోయినేడాది నా మెషీన్ సంగతి ఇంకా అలాగే ఉంది.

మెనూను తిరిగి తెప్పించాలంటే సెట్టింగుల ఫైలు మార్చాలి. దానికి ‘రూట్’ అనే పెద్ద అధికారి పాస్‌వర్డ్ కావాలి. బ్యాచ్ మొదలైనప్పుడు దాన్ని నరసింహ మార్చేశాడు. నాకు చెప్పలేదు, అదొకటి. పాస్‌వర్డ్ లేకుండా లోపలికి వెళ్లే దొడ్డిదారి ఉంది. విండోస్ మేడమ్‌కి కూడా అది తెలుసు. కాని మనిషి ఊళ్లో ఉండగా ఆయన తాళం పగలగొట్టి వెళ్లడం నాకు నచ్చలేదు. రేపు ఏ ఫైలు కనపడకపోయినా నా పేరే చెబుతారు. పైగా ఆ మెనూ ఎవరు ఆపారో, ఎందుకు ఆపారో అడగాలి. రూట్ తప్ప ఇంకెవరూ దాన్ని ఆపలేరు.

బుధవారం పొద్దున ల్యాబ్ తెరిచి, పంజాగుట్టకు నడిచాను. అప్పటికి ఫ్లైఓవర్ లేదు. చౌరస్తా దాటడమే ఒక ప్రయాణం. ఆసుపత్రి గదిలో నరసింహ పసుపురంగు కళ్లతో పడుకుని ఉన్నాడు. పక్కన భార్య రేణుక బత్తాయి ఒలుస్తోంది.

“మేడం, మీరొచ్చిన్రా? నేనేమన్న పోతున్ననా ఏంది, ఎవరన్న చెప్పిన్రా?” అన్నాడు.

“మీరు కాదు, మీ లినక్స్ పోయిందంటున్నారు. ఈ సాయంత్రం ఫార్మాట్ చేస్తారట.”

లేచి కూర్చోబోయాడు. రేణుక భుజం పట్టి ఆపింది. “పండుకో జర. డాక్టర్ లేవొద్దన్నడు కద.”

“పోవుడేంది మేడం? యాడికి పోతది? మెనూ నేనే తీసిన. సారే తీయమన్నడు.”

“ఏ సారు?”

“మన ప్రసాదరావు సారే. ఆదివారం డెమోకి తల్లిదండ్రులు వస్తరు, గా నల్ల తెర చూస్తే కంప్యూటర్ ఖరాబైందనుకుంటరు, జర కనపడకుంట చెయ్యమన్నడు. చేసిన. సోమవారం మల్ల పెడదామనుకున్న. గింతల గిదొచ్చె.”

మెనూ తీయించినాయనే, మెనూ లేదని ఫార్మాట్ చేయమంటున్నారు. తాను తీయమన్న ఆ నల్ల తెరే లినక్స్‌లోకి వెళ్లే దారి అని ఆయనకు తెలియదు.

“నాకొక మాట చెప్పాలి కదా” అన్నాను.

“మీరు విండోస్ ముచ్చట్లు చూస్తరు కద అని...”

“విండోస్ మేడమ్. మీరు పెట్టిన పేరే. క్లాసులో అన్నారు.”

“గది ఇంకా యాదికున్నదా మేడం?”

“ఉంది.”

రేణుక నవ్వింది. “నన్ను సుత గట్లనే అంటడు మేడం, చాయ్ తప్ప ఏం రాదని. నేను సుత మర్వలే.” బత్తాయి తొనలు నా చేతిలో పెట్టింది. ఆ ఇంట్లో నాకు ఒక మిత్రురాలు దొరికిందని అప్పుడే అనుకున్నాను.

పాస్‌వర్డ్ అడిగాను. నరసింహ కిటికీ వైపు చూశాడు. ఇంకో దారి లేదా అన్నాడు. ఉంది, కాని ఆ దారిన వెళ్లనని చెప్పాను. గొంతు తగ్గించి చెప్పాడు.

“కుర్చీ లేదు. ఇంగ్లిష్‌ల, అన్నీ చిన్న అక్షరాలు. నడుమ జాగ ఇయ్యొద్దు.”

నేను ఆయన వంక చూశాను.

“మర్చిపోతనేమోనని భయం మేడం. గిదైతే మీరు దినాం పొద్దుగాల గుర్తుజేస్తరు కద.”

రేణుక మంచం పట్టుకుని నవ్వింది. నేను నవ్వలేదు, కనీసం ఆ గదిలో.

ల్యాబ్‌కు తిరిగి వచ్చేసరికి, డైరెక్టర్ గారి ఆజ్ఞ మీద శ్రీను విండోస్ సీడీ పట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. ఆయన పక్కనే నిలబడ్డారు. శ్రీనును లేపి నేను కూర్చున్నాను. రూట్‌గా లాగిన్ అయి సెట్టింగుల ఫైలు తెరిచాను. ‘అడుగు’ అని చెప్పే వరుస ముందు నరసింహ ఒక గీతల గుర్తు పెట్టాడు. ఆ గుర్తు ఉంటే కంప్యూటర్ ఆ వరుసను చదవకుండా దాటేస్తుంది. గుర్తు తీసేశాను. ఫైలు మార్చినంత మాత్రాన సరిపోదు. లిలో ఆజ్ఞను మళ్లీ నడిపితేనే మార్పు డిస్కు మొదటి గదికి చేరుతుంది. చాలామంది ఇక్కడే పొరపాటు పడి, మార్చినా రావడం లేదంటారు. నడిపాను. ఆపి, గోడ స్విచ్ కట్టేసి, మళ్లీ వేశాను. తెర వేడెక్కేసరికి మెనూ మా కోసం ఆగి ఉంది.

లోపలికి వెళ్లి పిల్లల ఫోల్డర్లు ఒక్కొక్కటిగా డైరెక్టర్ గారికి చూపించాను. అన్నీ ఉన్నాయి. ఆసుపత్రిలో విన్నదీ చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

“అదేంటమ్మా, నేనన్నది ఆ ఒక్క ఆదివారం గురించి. మళ్లీ పెట్టుకోవద్దన్నానా?” అన్నారు. తర్వాత శ్రీను చేతిలోంచి సీడీ తీసుకుని తన గదిలోకి వెళ్లిపోయారు. కొత్త జావా బ్యాచ్‌కు వేరే మెషీన్ సర్దారు. ఆ సాయంత్రం లినక్స్ పిల్లలు వచ్చి తమ పని తాము మొదలుపెట్టారు. నరసింహ కోలుకుని వచ్చేదాకా వారి సందేహాలు విండోస్ మేడమే చూసింది.

ఆయన వచ్చాక పాస్‌వర్డ్ మార్చమన్నాను. మీకు కుర్చీ వచ్చినరోజు మారుస్తానన్నాడు. నేను ఆ సంస్థలో ఉన్నంతకాలం మార్చవలసిన అవసరం రాలేదు. తర్వాత ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో చేరి, అక్కడే పదవీ విరమణ చేశాను. అక్కడ చేరిన మొదటి రోజే కుర్చీ ఇచ్చారు. చేతులు లేని కుర్చీ.

ఆ వారం నేర్చుకున్నది తర్వాతి ఉద్యోగమంతా పాటించాను. తెర మీద కనపడనిది పోయిందని రాసేముందు, వేడెక్కిన తెర మీద రీసెట్ నొక్కి ఒకసారి చూడాలి. దేన్నయినా ఆపినవారు ఆపినట్టు ల్యాబ్ ఇన్‌ఛార్జికి చెప్పాలి, ఆమె మీద వారి అభిప్రాయం ఏదైనా సరే. డిస్కులో ఉన్నవి ఎవరివో వారిని అడిగేదాకా, ఆజ్ఞ ఎవరిదైనా, ఫార్మాట్ సీడీ లోపల పెట్టకూడదు.