పగలని పడవ

మేము చేసిన మొదటి పడవ పుంగనూరు దగ్గరి క్వారీ గుంతలో రాతిగోడకు కొట్టుకుని ముక్కలైంది. ఫైబర్‌తో చేసిన రిమోట్ పడవ అది. చంకలో పెట్టుకుని మోసుకుపోయేంత ఉంటుంది. టమోటా తోటలకు మందు కొట్టే మిషన్ ఇంజిన్ విప్పి అందులో బిగించాం. ఒడ్డున నిలబడి రిమోట్ నొక్కుతున్నది మా బామ్మర్ది. మలుపు తిప్పేలోపే అది నేరుగా పోయి గుద్దుకుంది. రాయి కొట్టేసి వదిలేసిన గుంత కాబట్టి మూడు వైపులా నిలువు గోడలే. నీళ్ళమీద తేలుతున్న ముక్కలను చూసి అతను పడీ పడీ నవ్వాడు.

"ఇంకోటి సేద్దాం బావా. ఈసారి పగలకుండా సేద్దాం."

తొంభైలలో నేను మదనపల్లెలో ఒక ఫైబర్ షెడ్డు పెట్టుకున్నాను. నీళ్ళ ట్యాంకులు, ఆటోల టాపులు, పెళ్ళి మంటపాల ముందు నిలబెట్టే ఏనుగు బొమ్మలు చేసేవాణ్ణి. నా భార్య తమ్ముడు నా దగ్గరే పని నేర్చుకుని, తర్వాత బెంగుళూరులో కారు భాగాలు తయారుచేసే ఒక చిన్న వర్క్‌షాపులో చేరాడు. కలిగినవాళ్ళు కొందరు ఆదివారాలు అక్కడి చెరువులో రిమోట్ పడవలతో పందేలు వేసుకోవడం చూసి, రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఆ పిచ్చిని మా ఇంటికి పట్టుకొచ్చాడు. నాకు అన్నదమ్ములు లేరు. శనివారం సాయంత్రం అతను బస్సు దిగి వచ్చి "బావా" అని పిలిస్తే, చేతిలో పని ఎంత తొందరదైనా పక్కన పెట్టేసేవాణ్ణి.

ఒకసారి వర్క్‌షాపులో మిగిలిన కార్బన్ గుడ్డ ముక్కలు సంచినిండా తెచ్చాడు. నల్లటి అల్లిక, వెలుతురు పడితే పట్టుచీరలా మెరిసింది. మైనం పూసిన అచ్చులో ఆ గుడ్డ పరిచి, రెసిన్ అనే జిగురు పట్టించి, ఆరాక తీస్తే పడవ డొప్ప ఎంత తేలికగా వచ్చిందంటే నా భార్య దాన్ని ఒంటిచేత్తో ఎత్తి ఆశ్చర్యపోయింది. కానీ క్వారీలో అదీ నిలవలేదు. ఫైబర్ కొంచెమైనా వంగి విరుగుతుంది. కార్బన్ వంగదు. ఓర్చినంతసేపు ఓర్చి, పటుక్కున విరిగి రెండు ముక్కలవుతుంది.

దానికి మందు కనిపెట్టడానికి నాకు ఒక వానాకాలం మొత్తం పట్టింది. తుపాకీ గుండ్లు దూరకుండా పోలీసులు తొడుక్కునే కోట్లలో వాడే పసుపు పచ్చని గుడ్డ ఒకటుంది. కార్బన్ లోపలివైపు ఆ గుడ్డ ఒక పొర వేసి, ముక్కు భాగంలో స్పాంజిలాంటి గట్టి నురగ నింపాను. పసుపు గుడ్డ ఏ కత్తెరకూ లొంగదు. నా భార్య బట్టలు కుట్టేది. నీలం సుద్దతో గీతలు గీసుకుని, తన పెద్ద కత్తెర మొద్దుబారిపోతున్నా విసుక్కోకుండా ఆమే కత్తిరించి ఇచ్చింది. ఈసారి క్వారీ గోడకు ఎన్నిసార్లు గుద్దించినా పైన నల్లపొర చిట్లింది తప్ప పడవ విడిపోలేదు. లోపలికి చుక్క నీరు రాలేదు.

బామ్మర్ది ఆ పడవను గుండెలకు హత్తుకున్నాడు. "బెంగుళూరులో ఎవురి దగ్గరా ఇట్లాంటిది లేదు బావా. నువ్వు సూడు, పేరు మోగిపోతాది!"

బెంగుళూరు పందెం ముందు వారం నాకు కుప్పంలో ఒక హాస్టల్‌కు ట్యాంకులు బిగించే పని పడింది. చిట్లిన చోట కొత్త పొర వేసి పడవను షెడ్డులో ఉంచి వెళ్ళాను. రంగు వేసి, ఇంజిన్ బిగించి తాను తీసుకొస్తానన్నాడు బామ్మర్ది. పందెం రోజు పొద్దున నేను కుప్పంలో రైలెక్కి నేరుగా బెంగుళూరు చేరాను.

చెరువు గట్టున మా పడవ ఎర్రరంగుతో తళతళలాడుతోంది. మూత బిగించి చుట్టూ టేపు అంటించి ఉంది. ముట్టుకోబోతే అతను ఆపాడు. "వొద్దు బావా, అంతా సెట్ చేసిండాను. మళ్ళా కదిలిపోతాది." తానే ఎత్తి నీళ్ళలో వదిలాడు. ఇంజిన్ ఉన్న పడవను అంత సులువుగా ఎత్తాడేమిటి అనిపించింది. సంతోషంలో పట్టించుకోలేదు.

మూడో చుట్టు మలుపులో వెనకనుంచి ఒక తెల్ల పడవ దూసుకొచ్చి మా పడవ పక్కలో గుద్దింది. గోడకు గుద్దినా పగలని పడవ కదా అని నేను నిబ్బరంగానే ఉన్నాను. మా ఎర్ర పడవ నడుముకు విరిగి, ఇంజిన్ బరువుకు వెనక సగం బుడుంగున మునిగింది. తెల్ల పడవ ఒకసారి ఎగిరిపడి, సర్దుకుని వెళ్ళిపోయింది. గట్టుమీద ఎవరో "ఈ డొప్ప ఎవరు చేశారు?" అని అడిగారు. బామ్మర్ది నావైపు చేయి చూపించాడు.

"మా బావ చేసినాడు."

అందరూ నన్ను చూశారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ముందు సగం కొట్టుకుంటూ ఒడ్డుకు వచ్చింది. వంగి తీసి విరిగిన అంచు చూశాను. అంతా నలుపే. పసుపు పోగు ఒక్కటీ లేదు.

ఏమీ అర్థం కాక ఆ ముక్క పట్టుకునే తెల్ల పడవ యజమాని దగ్గరికి వెళ్ళాను. మర్యాదస్తుడు. ఒక ఫ్యాక్టరీ ఉందట. నీ పడవ ఎట్లా తట్టుకుందని అడిగితే మూత తీసి చూపించాడు. లోపల పసుపు గుడ్డ. ముక్కు దగ్గర రెసిన్ కింద నీలం సుద్దగీత. నా భార్య గీసిన గీత.

"ఇది మీ మదనపల్లి మాలే కదప్పా," అన్నాడతను కన్నడం కలిసిన తెలుగులో. "మీ బామ్మర్దే చేసి ఇచ్చినాడు. మంచి చెయ్యి. మా ఫ్యాక్టరీలోకి తీసుకుంటా ఉండాను."

బస్టాండుకు నడుస్తూ బామ్మర్దిని అడిగాను.

"యాల చేస్తివప్పా ఇట్ల?"

"ఆయప్ప అడిగినాడు బావా. నాకు పర్మినెంటు పనిస్తా అన్నాడు. నువ్వు చేసింది ఆయప్పకిచ్చి, నీ అచ్చులోనే ఇంకోటి పోసినా. నీకిది ఆట. నాకు బతుకు."

"అడిగుంటే ఇచ్చుండనా?"

"అది వచ్చి మనదానికే తగుల్తాదని నేననుకోలా" అన్నాడతను. ఇచ్చినందుకు కాదు నాకు బాధ. పగలని దాన్ని తన పేరున చూపించి, పగిలినదానికి నన్ను చూపించాడు. అది మాత్రం నా నోట రాలేదు. అతను బెంగుళూరులోనే ఉండిపోయాడు. నేను ఒక్కణ్ణే బస్సెక్కాను.

ఇంట్లో నా భార్య అన్నం పెడుతూ "పందెం ఏమాయ?" అంది. జరిగింది చెప్పాను. ఆమె ఆశ్చర్యపోతుందని, తమ్ముణ్ణి తిడుతుందని ఎదురుచూశాను. ఆమె గిన్నె కింద పెట్టింది.

"వాడు నీకు చెప్పలేదా?"

చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాను. "నీకు తెలుసునా?"

"నువ్వు కుప్పంలో ఉన్నప్పుడు ఈడనే కదా ఇంకోటి చేసినాడు. నేనే అన్నం పెడతా ఉంటి. బావకు నేనే చెప్తా, నువ్వు నోరు తెరవద్దు అక్కా అన్నాడు. చెప్పింటాడులే అనుకున్నా."

"నాకు ఫోన్ చేసుండొచ్చు కదా."

"వాడు నా తమ్ముడు కదా," అంది చిన్నగా. ఆ మాటలో ఆమె తప్పేమీ పట్టుకోలేకపోయాను. అయినా ఆ పూట కంచం ముందునుంచి లేచిపోయాను. బామ్మర్ది చేసినదానికి కోపం వచ్చింది. ఈమె ఊరుకున్నందుకు వచ్చినదాన్ని ఏమనాలో ఇప్పటికీ తెలియదు. నేను కుప్పం నుంచి ప్రతి సాయంత్రం ఫోన్‌లో పడవ గురించే మాట్లాడాను. ఆమె ప్రతిసారీ "ఊ" కొట్టింది.

అతను ఆ ఫ్యాక్టరీలో బాగా పైకొచ్చాడు. తన కూతురి చెవులు కుట్టించే రోజు నన్నే ఇంటిపెద్దగా కూర్చోబెట్టాడు. పీటమీద కూర్చుని అక్షింతలు వేశాను. భోజనాల దగ్గర వంగి "బావా, ఇంకో పడవ సేద్దామా?" అని అడిగితే, షెడ్డులో పని ఎక్కువగా ఉందన్నాను. నిజానికి ఆ నెలంతా పని లేదు.

ఆ అచ్చులో మళ్ళీ ఏదీ పోయలేదు. నా భార్య, నేను బాగానే ఉన్నాం. ఒంట్లో బాగాలేనప్పుడు ఒకరికొకరం చేసుకున్నాం, ఇల్లు కట్టుకున్నాం. కానీ పొరుగూరు పనికి వెళ్ళి తిరిగి వస్తే నేను ముందు ఇంట్లోకి పోను. షెడ్డు తాళం తీసి, ఎక్కడ పెట్టినవి అక్కడే ఉన్నాయా అని ఒకసారి చూసుకుంటాను. ఆమె వంటింటి కిటికీలోంచి నన్ను చూస్తుంది. నేను చూసుకోవడం అయ్యేదాకా ఉండి, తర్వాత కాఫీకి పాలు పెడుతుంది.