దేవదానం బావ లాగిన్

చీకట్లో తాడును చూసి పామనుకునే రకం కాదు నేను. మాది శ్రీకాకుళంలో బాప్టిస్టు కుటుంబం. చిన్నప్పుడు ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే, అదెక్కడుందో చూపించమని పేచీ పెట్టేవాణ్ణి. ఇప్పటికీ నమ్మను. అందుకే జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

దేవదానం బావ మా సువార్త అక్క భర్త. విజయనగరంలో ఒక కాలేజీలో కంప్యూటర్ నెట్‌వర్క్ చూసేవాడు. డిగ్రీ అయ్యి గాలికి తిరుగుతున్న నన్ను చెవి పట్టుకుని లాక్కెళ్లి పని నేర్పాడు. తర్వాత ఆయన కిడ్నీలు పాడయ్యాయి. ఆయనది ఉద్దానం, అక్కడ ఊరూరా కిడ్నీ రోగులే. ఆ జబ్బు సంగతి మా వైపు వాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. డయాలసిస్ మొదలయ్యాక ఆయన మానేసిన ఉద్యోగమే నాకొచ్చింది. ఆయన కుర్చీలో కూర్చున్నన్నాళ్లూ నాకు దొంగతనం చేసినట్టే ఉండేది.

ఇది జరిగి పదేళ్లు కావస్తోంది. మర్నాడు ఆన్‌లైన్ పరీక్ష. ల్యాబులో కంప్యూటర్లన్నిటినీ కలిపే స్విచ్ పాడైతే కొత్తది తెప్పించాం. కొత్త స్విచ్‌తో దూరం నుంచి మాట్లాడటం కుదరదు. కన్సోల్ కేబుల్ ఒక కొస ల్యాప్‌టాప్‌కి, రెండో కొస స్విచ్‌కి తగిలించి కమాండ్లు కొట్టాలి. కేబుల్ మహా అయితే మనిషి పొడవుంటుంది. "ఒరే సామూ, పక్కనే కూకోవాలిరా. దూరం నుంచి కేకేస్తే పలకదది" అనేవాడు బావ.

ఇంకొకటి కూడా చెప్పాలి. పని అయ్యాక సేవ్ చెయ్యాలి. చెయ్యకపోయినా అప్పటికి అన్నీ బాగానే నడుస్తాయి. ఒక్కసారి కరెంటు పోయి వచ్చిందంటే మాత్రం స్విచ్‌లో ఏమీ మిగలదు.

ఉదయమే స్విచ్ గడియారం నా వాచీతో సరిచూసి పెట్టాను. బావ చేసిన పాత సెట్టింగుల ఫైలే ఎక్కించాను. అందులో నా లాగిన్ ఉంది, ఆయనదీ ఉంది. ఆయన పేరు తీసెయ్యడానికి చెయ్యి రాలేదు.

మూడింటికి పది నిమిషాలుందనగా అక్క ఫోన్ చేసింది. శ్రీకాకుళం ఆసుపత్రి నుంచి. "సామూ, మీ బావకి బాగులేదు. నిన్నే అడుగుతన్నాడు. బేగి రారా."

"పది నిమిషాలక్కా" అన్నాను.

ఆ పది నిమిషాలు కాస్తా అరగంట అయింది. రెండు కంప్యూటర్లకు నెట్‌వర్క్ రావడం లేదు. మూడోసారి ఫోన్ మోగితే ఎత్తలేదు కూడా. అవి పనిచెయ్యగానే కేబుల్ పీకి బ్యాగులో కుక్కి, ల్యాబు పక్కన స్విచ్ ఉండే చిన్న గదికి తాళం వేసి, మూడున్నర బస్సు అందుకున్నాను. తాళంచెవి నా జేబులోనే ఉంది.

నేను చేరేసరికి అయిదు దాటింది. బావ పోయి నలభై నిమిషాలైందన్నారు. అక్క నన్నొక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

మర్నాడు ఉదయం సమాధుల తోటలో మట్టి వేస్తుండగా గుర్తొచ్చింది, నేను సేవ్ చెయ్యలేదని. పక్కకు వెళ్లి కాలేజీకి ఫోన్ చేశాను. అలాంటి చోట కూడా ఆ పనే గుర్తొచ్చినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. ల్యాబు అసిస్టెంట్ ఎత్తాడు. "రాత్రి గాలివానకి కరెంటు పోనాది సార్. బ్యాటరీలూ అయిపోనాయి. తెల్లారి వచ్చింది. పరీక్షకి ఏటీ ఇబ్బంది నేదు, బాగా జరుగుతన్నాది" అన్నాడు.

అలా జరగడానికి వీల్లేదు.

వారం తర్వాత వెళ్లి తాళం తీసి, కేబుల్ తగిలించి చూశాను. సేవ్ అయిన ఫైలు పైన, ఎప్పుడు, ఎవరి లాగిన్‌తో సేవ్ అయిందో స్విచ్ తనే రాసుకుంటుంది. నేను పనిచేసిన రోజే. సాయంత్రం నాలుగూ పద్దెనిమిది. లాగిన్ దేవదానం.

ఆ టైముకు నేను బస్సులో ఉన్నాను. టిక్కెట్టు ఇప్పటికీ దాచుకున్నాను. కేబుల్ నా ఒళ్లోని బ్యాగులో ఉంది. ఆ గదికి రెండో తాళంచెవి లేదు. బయటి నుంచి ఆ స్విచ్‌లోకి వెళ్లే దారి నేనింకా తెరవనేలేదు. పొరపాటున నేనే సేవ్ చేశానేమో అని ఎన్నిసార్లు అనుకున్నానో. నేనైతే నా పేరు పడాలి, టైము మూడున్నరలోపు ఉండాలి.

బావ జ్ఞాపకార్థం పెట్టిన పెద్ద ప్రార్థన అయ్యాక అక్కతో చెప్పాను. స్విచ్‌లూ సేవ్‌లూ తనకు తెలియవు. టైము చెప్పగానే మాత్రం కూరలు తరుగుతున్న చెయ్యి ఆపేసింది.

"నాలుగుంపావు దాటిందిరా అప్పటికి. కళ్లు మూసుకునే ఉన్నాడు. సేతి ఏళ్లు మాత్రం దుప్పటి మీద ఆడించేడు, టైపు కొట్టినట్టు. తెలివి నేక సంధిలో ఉన్నాడనుకున్నాను. ఏటి కావాలి అనడిగితే కళ్లు తెరిసి సూసేడు."

"ఏమన్నా అన్నాడా?"

"అన్నాడు. 'ఆడి పని నేను సేసేసేను, ఇక ఆడ్ని రమ్మను' అన్నాడు. నువ్వొస్తావని గుమ్మం కేసే సూసేడు."

అదెలా జరిగిందో నాకు తెలియదు. నాకంటే పెద్ద ఇంజనీర్లను అడగొచ్చు, అడగలేదు. ఆయన గుమ్మం కేసి చూసినప్పుడు నేనింకా దారిలోనే ఉన్నాను.