మణికట్టు మీది వాత

నా భార్య కుడి మణికట్టు మీద చింతగింజంత మచ్చ ఉంది. కామెర్లు, మా వైపు మాటలో పసిరికలు, వచ్చినప్పుడు వేయించిన వాత అని మా ఇంట్లో అందరూ చెబుతారు. ఇన్నేళ్లూ నేనూ అదే చెప్పాను. ఆమెకు కామెర్లు రాలేదు. నిద్ర లేదు, అంతే. ఆ సంగతి ఆమెకు తెలుసు, నాకూ తెలుసు.

నిజాం పాలన పోయిన కొత్తలో కాగజ్‌నగర్ కాగితం మిల్లులో నాకు పని దొరికింది. రాత్రి డ్యూటీ, ఒంటిగది క్వార్టరు, చంటిబిడ్డ. పగలు నేను పడుకుంటే, పిల్ల ఏడవకుండా నా భార్య దాన్ని ఎత్తుకుని బయటే తిరిగేది. గిన్నె చప్పుడైనా కసిరేవాణ్ని. రాత్రి పిల్ల పాలకు లేచేది. తెల్లవారుజామున మిల్లు సైరను మోగేసరికి నాకు వేన్నీళ్లు, పొయ్యి మీది జొన్నరొట్టె సిద్ధంగా ఉండాలి. చల్లారితే ముట్టేవాణ్ని కాదు. ఆమె ఎప్పుడు పడుకుంటుందో ఒక్కనాడూ అడగలేదు.

కొన్ని నెలల్లో ఆమె ముఖం వడలిపోయింది. చర్మం పాలిపోయి కళ్ల కింద నలుపు దిగింది. స్నో డబ్బా కొనిచ్చాను. పూసుకున్నా అంతే. అప్పుడు మా అవ్వ, నన్ను కన్నతల్లి, వచ్చి గడపలోనే ఆగిపోయింది.

"ఓర్నీ, పిల్ల పచ్చవడ్డది గదరా! గివి పసిరికలే."

"పసిరికలు గావత్తా, నిద్ర లేక" అంది నా భార్య, నా వైపు చూస్తూ.

"నిద్ర లేకుంటే గిట్లయితరా? మేమేమన్న పండుకుంట పెరిగినమా? నువ్వు జెప్పురా."

ఆమె కళ్లలో తెలుపు తెలుపుగానే ఉంది. చెప్పొచ్చు. కానీ నిద్ర ఎందుకు లేదని అవ్వ అడిగితే?

"ఏమో అవ్వా, నీకే ఎరుక" అన్నాను.

మర్నాడు పక్క ఊళ్లో వాత వేయించాం. చెయ్యి కదలకుండా పట్టుకున్నది నేనే.

పథ్యం కోసమని హుస్నాబాద్ దగ్గర తల్లిగారింటికి పంపాం. అక్కడ వాళ్లమ్మ పిల్లను చూసుకుంది, ఈమె కడుపునిండా పడుకుంది. తిరిగొచ్చేసరికి ముఖం నిగనిగలాడుతోంది. "ఏం పిల్లా, ముఖానికి సున్నమేసుకొచ్చినవా?" అని క్వార్టర్ల ఆడవాళ్లు ఆటపట్టించారు. అంతా వాత మహిమే అంది అవ్వ. వాత వేసేవాడింటికి వాళ్లు దారి అడిగితే చెప్పింది నేను. ఆ దారిన ఎన్ని చేతులు కాలాయో తెలియదు. అది తలుచుకుంటే ఒకచోట కూర్చోలేను.

ఇప్పుడు మేం కరీంనగర్‌లో ఉంటున్నాం. ఆనాటి చంటిబిడ్డే పెరిగి, కాన్పుకు వచ్చింది. పుట్టిన పిల్లవాడు రాత్రంతా ఏడుపు. బిడ్డ ముఖమూ అప్పటి వాళ్లమ్మ ముఖంలాగే పాలిపోయింది.

"పొద్దుగాల వాత ఏపిద్దాం బిడ్డా. మీ అవ్వకు పనిచేసింది, నీకు చెయ్యదా?" అంది మా అవ్వ. బిడ్డ తన చేతిని కొంగులో దాచుకుంది.

వాకిట్లోకి పోయాను. గల్లీ చివరిదాకా నడిచాను. మళ్లీ వచ్చాను. మళ్లీ పోయాను. చివరికి గుమ్మంలో నిలబడే చెప్పాను.

"అవ్వా, గప్పుడు పసిరికలు గావు. నిద్ర లేకుండె. నేనే పండనియ్యలే."

"గప్పుడు నోట్లె ఏం వెట్టుకున్నవురా?" అంది అవ్వ.

నా భార్య పిల్లవాణ్ని తెచ్చి నా చేతుల్లో పెట్టింది. బిడ్డకు లోపలి గదిలో పక్కేసి తలుపు దగ్గరికి వేసింది.

"పాలకేడిస్తే లోపటికి తే. ఊకె ఏడిస్తే నువ్వే తిప్పు."

ఆ రాత్రి నుంచి తిప్పుతూనే ఉన్నాను. నడుము పట్టేసింది, ఒకటి రెండుసార్లు పిల్లవాడి మీద విసుక్కున్నాను కూడా. కొన్నాళ్లకు బిడ్డ ముఖం తేటపడింది.

"ఏం మందు వెట్టినవ్ వదినే?" అని పక్కింటామె అడిగింది.

నా భార్య మణికట్టు మీది గాజులు వెనక్కి తోసుకుని చాట అందుకుంది. "మందేం లేదు. తాతకు మళ్ల రాత్రి డ్యూటీ వడ్డది" అంది.